ఎక్కడ వెతికావు పైథానూ?

మన ఇళ్లలో బియ్యం అయిపోతే "లేవు" అనరు, "నిండుకున్నాయి" అంటారు. డబ్బా అడుగు కనబడుతున్నా సరే, నిండుకున్నాయనే అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. హాస్టల్‌కి బయల్దేరుతూ "వెళ్తున్నా" అంటే మా నానమ్మ అక్కడికక్కడే ఆపి "వెళ్ళొస్తా అనవే" అని సరిదిద్దేది. లేనిదాన్ని లేదని పలకడానికి మనవాళ్లకి నోరు రాదు.

పైథాన్‌కి అలాంటి పట్టింపులేం లేవు. రాత్రంతా మెలకువగా కూర్చుని మనమే రాసుకున్న ఫైలు, ఫోల్డర్‌లో కళ్లెదుట కనబడుతున్న ఫైలు. దాన్ని ఇంపోర్ట్ చెయ్యమని టెర్మినల్‌లో అడిగితే "నో మాడ్యూల్ నేమ్డ్ ఫలానా" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఆ పేరుతో ఏదీ లేదు, పో అన్నట్టు.

పైథాన్ ల్యాబ్ చేసినవాళ్లలో ఈ మాట పడనివాళ్లు ఉండరనుకుంటా. సింటాక్స్ ఎర్రర్ వస్తే మనకి బాధ ఉండదు. కోలన్ మర్చిపోయాం, పెట్టేస్తాం. జవాబు తప్పు వస్తే లెక్క ఎక్కడ తప్పిందో మళ్లీ చూస్తాం. ఈ ఎర్రర్ అలా కాదు. కోడ్ బానే ఉంది, ఫైలు ఉంది, పేరు కరెక్టే, నిన్న నడిచింది కూడా. అయినా లేదంటుంది. అప్పుడు అనుమానం కోడ్‌ని దాటి మన మీదికి వస్తుంది. "ఇది మనకి రాదేమో" అన్న మాట హాస్టల్‌లో నేను ఎక్కువసార్లు విన్నది ఈ ఎర్రర్ దగ్గరే.

అందుకే ఈసారి కథో కవితో కాకుండా దీని గురించి రాస్తానని ఎడిటర్‌కి చెప్పాను. "లిటరరీ క్లబ్‌లో పైథానా?" అంది. ఒక్క మాటకి అర్థం సరిగ్గా తెలిస్తే మనిషి ఎంత తేలికపడతాడో రాస్తాను, అది సాహిత్యం కాదా అన్నాను. ఒప్పుకుంది.

ముందు ఆ ఎర్రర్‌ని పూర్తిగా చదవాలి. మనం చివరి ముక్క ఒక్కటే చదువుతాం. దాని ముందు ఇంకో మాట ఉంటుంది: "మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్". అంటే దొరకలేదు అని. కోలన్ దాటాక వచ్చేది "నో మాడ్యూల్ నేమ్డ్". అంటే లేదు అని. ఒకే లైన్‌లో రెండు మాటలు. నన్నడిగితే కోలన్‌కి ముందున్నదే నిజం. పైథాన్ మన కంప్యూటరంతా గాలించి లేదని తేల్చలేదు. తన దగ్గరున్న నాలుగైదు చోట్లు చూసింది, అక్కడ కనబడలేదు, లేదనేసింది. ఈ "నాట్ ఫౌండ్" అన్న పేరు కూడా 2016 డిసెంబర్‌లో పైథాన్ 3.6 తో వచ్చింది. అంతకుముందు అన్నిటికీ కలిపి ఇంపోర్ట్ ఎర్రర్ అనే ఒకే పేరు.

మా తమ్ముడు "అమ్మా, కత్తెర లేదు" అని అరిస్తే అమ్మ వంటింట్లోంచే "ఎక్కడ చూశావురా?" అంటుంది. ఉందా లేదా అన్న చర్చలోకే దిగదు. "టీవీ కింద చూశా." "కుట్టుమిషన్ సొరుగులో చూడు." దొరుకుతుంది. ఇంపోర్ట్ ఎర్రర్‌ని విప్పడానికి కావలసినదంతా ఆ ప్రశ్నలో ఉంది. ఎక్కడ చూశావు?

ఈ ప్రశ్న అడిగితే పైథాన్ దాచకుండా చెబుతుంది. స్క్రిప్ట్ మొదట్లో సిస్‌ని ఇంపోర్ట్ చేసి సిస్.పాత్‌ని ప్రింట్ చేయండి. ఫోల్డర్ల పేర్లతో ఒక లిస్ట్ వస్తుంది. ఇంపోర్ట్ అనగానే పైథాన్ ముందు, ఆ మాడ్యూల్ ఈ రన్‌లో ఇప్పటికే లోడ్ అయిందా అని చూసుకుంటుంది. తర్వాత తనలోనే కలిసి ఉన్నవాటిలో ఉందేమో చూస్తుంది. అక్కడా లేకపోతే ఈ లిస్ట్ పట్టుకుని మొదటి ఫోల్డర్ నుంచి వరసగా వెళ్తుంది. మొదట ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది. పక్క ఫోల్డర్‌లోకి తొంగిచూడదు, పై ఫోల్డర్‌లోకి ఎక్కదు.

ఆ లిస్ట్‌లో ఎవరెవరుంటారు? పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మనం ఏమైనా రాసి ఉంటే అవి, ఆ తర్వాత పైథాన్‌తో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ, ఆ తర్వాత పిప్‌తో దించుకున్నవి ఉండే సైట్-ప్యాకేజెస్. వీళ్లందరికంటే ముందు, మొదటి కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నదే అసలు సంగతి. అది మనం స్క్రిప్ట్‌ని ఎలా పిలిచామన్నదాన్ని బట్టి మారుతుంది.

"పైథాన్" అని కొట్టి పక్కన స్క్రిప్ట్ ఫైలు పేరు ఇస్తే, మొదటి కుర్చీ ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌ది. టెర్మినల్‌లో మనం ఎక్కడ నిలబడి ఉన్నామన్నది దానికి అక్కర్లేదు. అదే "పైథాన్ మైనస్ ఎం" అని మాడ్యూల్ పేరు ఇస్తే, మొదటి కుర్చీ మనం నిలబడిన ఫోల్డర్‌ది. ఉత్తినే పైథాన్ తెరిచి మూడు బాణం గుర్తుల దగ్గర ఇంపోర్ట్ చేసినా అంతే, నిలబడిన చోటే. చాలామందికి ఈ రెండూ బుర్రలో కలిసిపోయి ఉంటాయి. "నేను ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఉన్నాగా, ఎందుకు దొరకదు?" అంటారు. నువ్వున్నావు తల్లీ, నీ స్క్రిప్టే లోపల ఇంకో ఫోల్డర్‌లో ఉంది. వెతుకులాట అక్కణ్ణుంచి మొదలైంది.

దీనికి తోడు ఇంకో మెలిక. స్క్రిప్ట్‌లో "ఓపెన్" అని ఒక సీఎస్‌వీ ఫైలు పేరు ఉత్తిగా ఇస్తే, దాన్ని మనం నిలబడిన చోటే చూస్తుంది. సిస్.పాత్‌తో దానికి సంబంధం లేదు. అందుకే ఒకరోజు మాడ్యూల్ దొరికి డేటా దొరకదు, ఇంకోరోజు డేటా దొరికి మాడ్యూల్ దొరకదు. రెండూ వేర్వేరు వెతుకులాటలు.

మరి ఐడీఈలో పచ్చ త్రికోణం నొక్కితే ఎలా నడుస్తుంది? కొన్ని ఐడీఈలు మనం తెరిచిన ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని మనల్ని అడక్కుండానే ఆ లిస్ట్‌లో చేరుస్తాయి. పండక్కి ఊరెళ్తే అమ్మ ఎదురుగా కంచం పెట్టినట్టు, అన్నీ అమర్చి ఇస్తాయి. అదేం తప్పు కాదు, మంచి సౌకర్యమే. కాకపోతే అమర్చిన సంగతి మనకి తెలియదు. టెర్మినల్‌లో ఆ అమ్మ ఉండదు. మనం ఏం చెప్తే అదే, చెప్పనిది లేదు.

ఇదంతా నాకు పుస్తకంలో పాఠంలా ఉండేది. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక ఫోన్ వచ్చాక పాఠంలా లేదు.

మా ఫ్లోర్‌లో సెకండియర్ అమ్మాయి ఒకతి ఉంది. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా గవర్నమెంట్ స్కూల్లో తెలుగు మీడియం. వాళ్ల నాన్న ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. పొద్దునా సాయంత్రం ఇళ్ల నుంచి పాలు వస్తాయి, మిషన్‌లో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ చూస్తారు, చార్ట్ ప్రకారం రేటు కడతారు. పదిహేను రోజులకోసారి బిల్లు. అందులో దాణా బాకీలు, ముందు తీసుకున్న డబ్బులు తీసేసి మిగతాది చేతికిస్తారు. ఆ లెక్క అంతా ఆయన పుస్తకంలో చేత్తో వేసేవాడు.

ఈ అమ్మాయి ఆ సెమిస్టర్‌లో నేర్చుకున్న పైథాన్‌తో ఆ లెక్కని స్క్రిప్ట్‌గా రాసింది. తెలుగు మాటల్నే ఇంగ్లీష్ అక్షరాల్లో పేర్లుగా పెట్టుకుంది. "పాలు" అని ఒక ఫోల్డర్. దాని లోపల "కేంద్రం", "పనులు" అని రెండు. రేటు చార్టు, తీసివేతలు అన్నీ కేంద్రంలోని "లెక్కలు" అనే మాడ్యూల్‌లో. ఇంటింటికీ స్లిప్పు తయారుచేసే స్క్రిప్ట్ "స్లిప్పులు". అది పనులులో. ఎంత పొందికగా ఉందో చూడండి. లెక్క ఒకచోట, పని ఒకచోట. ఇలా విడదీసి రాయమని మా ఫైనలియర్ వాళ్లకి చెప్పినా రాయరు. హాస్టల్‌లో నాకు నడిపి చూపించింది. చక్కగా నడిచింది.

భోగికి ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్.

"అక్కా, పడుకున్నావా?"

"లేదమ్మా, చెప్పు."

"స్లిప్పులు రావట్లా అక్కా. కేంద్రం లేదంటంది."

"ఏ కంప్యూటర్ మీద?"

"ఇక్కడ కేంద్రంలో పాత లాప్‌టాప్ ఉందిగా, దాంట్లో. ఐడీఈ వెయ్యలా. నల్ల తెర మీదే కొడుతున్నా. హాస్టల్‌లో నడిచింది కదక్కా, నువ్వే చూశావుగా?"

వెనకాల వాళ్ల నాన్న గొంతు వినిపిస్తోంది. "పోనీలేమ్మా, పుస్తకం తియ్. చేత్తో వేసుకుందాం." ఆయనకి శుక్లాల ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది. కంటికి శ్రమ ఇవ్వొద్దన్నారు డాక్టర్లు. పండగని ఈసారి బిల్లు ముందే ఇస్తానని మాటిచ్చాడు. తెల్లారుజామున పాలు పోయడానికి వచ్చేవాళ్లు అరవై పైచిలుకు ఇళ్లవాళ్లు. కొత్త బట్టలో, పిండివంటల సరుకులో, అందరికీ ఆ డబ్బుతోనే. పైగా "ఈసారి కంప్యూటర్ స్లిప్పులు, మా పాపే రాసింది" అని వారం నుంచి కేంద్రానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాడట.

ఆ అమ్మాయి గొంతు తగ్గించి అంది: "నాకేం రాదక్కా. అక్కడేదో బటన్ నొక్కితే వచ్చింది, అంతే. ఊరికే నాన్నకి ఆశ పెట్టా."

ఆ మాట విన్నాక నాకు లాప్‌టాప్ సంగతి కంటే ఇది పెద్దదనిపించింది. లెక్కలన్నీ సరిగ్గా వేసిన పిల్ల, ఒక ఫోల్డర్ పేరు లిస్ట్‌లో లేనందుకు తనకేం రాదంటోంది. ఒక లైన్ చెప్పేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. సిస్.పాత్‌కి ఫలానా ఫోల్డర్ కలుపు అంటే చాలు, స్లిప్పులు వస్తాయి. కానీ "నాకేం రాదు" అన్న మాట అలాగే ఉండిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నరే కదా, టైముంది అనుకున్నా.

"కేంద్రం ఉంది. నువ్వు రాశావు, నేను చూశా. అది ఎక్కడ వెతికిందో కనుక్కుందాం. స్లిప్పులు ఫైలు తెరిచి మొదట్లో రెండు లైన్లు రాయి" అని సిస్.పాత్ ప్రింట్ చేయించా. "ఇప్పుడు ఒక్కొక్కటీ చదివి వినిపించు."

"డి కోలన్, పాలు, పనులు."

"తర్వాత?"

"పైథాన్ అని ఏదో నెంబరు, డాట్ జిప్ అంట. తర్వాత డీఎల్ఎల్స్. తర్వాత లిబ్. పైథాన్ ఫోల్డరు. చివర సైట్-ప్యాకేజెస్."

"అంతేనా?"

"అంతే అక్కా."

"కేంద్రం ఫోల్డర్ ఎక్కడుంది?"

"పాలులో."

"నువ్వు చదివినవాటిలో ఉత్త 'పాలు' అని ఉందా?"

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నెమ్మదిగా, "లేదక్కా. పాలు, పనులు అని ఉంది. అది పనులు లోపల వెతికింది. కేంద్రం పక్కనుంది."

"మరి హాస్టల్‌లో ఎలా దొరికింది?"

"అక్కడ నేను పాలు ఫోల్డర్‌ని తెరిచి నొక్కా..." ఆగింది. "అదే కలుపుకుందా అక్కా?"

"అదే కలుపుకుంది."

తర్వాతది చిన్న పని. డి డ్రైవ్‌లో పాలు ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడ నిలబడి, పైథాన్ మైనస్ ఎం, పనులు చుక్క స్లిప్పులు. చివర ఫైలు తోక పెట్టకూడదు, స్లాష్ బదులు చుక్క. తనే కొట్టింది. పాలు పోసేవాళ్ల పేర్లు నల్ల తెర మీద వరసగా దిగడం మొదలుపెట్టాయని ఆమె అరుపుని బట్టి నాకు తెలిసింది. వాళ్ల నాన్న వెంటనే నమ్మలేదు. మొదటి స్లిప్పు చదివించుకుని, పుస్తకంలో ఆ ఇంటి లెక్క క్యాలిక్యులేటర్ మీద వేయించాడు. పైసాతో సహా సరిపోయింది. అప్పుడు ఫోన్ తీసుకుని "భోజనం చేశావా అమ్మా?" అని అడిగాడు నన్ను. థాంక్స్‌కి ఆయన భాషలో మాట అదే.

అసలు విషయం రెండు రోజుల తర్వాత జరిగింది. తను కాలేజీకి వచ్చేస్తే నాన్న ఒక్కడే నడుపుకోవాలి కదా అని, డబుల్ క్లిక్ చేస్తే స్లిప్పులు వచ్చేలా ఒక బ్యాచ్ ఫైలు చేసి డెస్క్‌టాప్ మీద పెట్టింది. అది మళ్లీ "నో మాడ్యూల్" అంది, ఈసారి "పనులు" లేదని. నాకు ఫోన్ రాలేదు. మెసేజ్ వచ్చింది, అంతా అయిపోయాక: "అక్కా మళ్లీ లేదంది. ఎక్కడ నిలబడిందో చూశా. డెస్క్‌టాప్ మీద నిలబడి వెతుకుతోంది. బ్యాచ్ ఫైల్లో ముందు పాలులోకి పంపే లైన్ రాశా. వేరే డ్రైవ్ కాబట్టి సీడీకి స్లాష్ డి కూడా పెట్టా. వచ్చాయి."

ఆ స్లాష్ డి నేను చెప్పింది కాదు. తనే వెతుక్కుంది.

సెలవులయ్యాక ఆ అమ్మాయి ఊరుకుంటుందా, ఫ్లోర్ అంతా చెప్పింది. దాంతో ఎవరికి ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చినా నా గదికి రావడం మొదలైంది. వచ్చినవాటిలో మీకు పనికొచ్చేవి కొన్ని చెబుతా.

ఒకామె ప్రాక్టీస్ కోసం రాసిన ఫైలుకి "రాండమ్" అని పేరు పెట్టింది. ఆ తర్వాత అదే ఫోల్డర్‌లో ఏ స్క్రిప్ట్ రాసి రాండమ్‌ని ఇంపోర్ట్ చేసినా రాండింట్ అనేది లేదని ఎర్రర్. మాడ్యూల్ దొరికింది, కాకపోతే దొరికింది పైథాన్ వాళ్ల రాండమ్ కాదు, ఈమెది. మొదటి కుర్చీలో ఉన్నది మన ఫోల్డరే కాబట్టి మన ఫైలే ముందు తగులుతుంది. ఒకే పేరుతో ఇద్దరున్న క్లాసులో హాజరు వేసినట్టు, ముందు పలికినవాడికే పడుతుంది. ఇలాంటప్పుడు ఆ మాడ్యూల్ పేరు పక్కన చుక్క పెట్టి, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్ల మధ్య "ఫైల్" అని రాసి ప్రింట్ చేస్తే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో పూర్తి అడ్రస్ ఇస్తుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13 అయితే ఇలా పేరు కలిసిందేమో, మార్చుకో అని ఎర్రర్‌లోనే సలహా ఇస్తుంది.

ఇంకొకామెకి "అటెంప్టెడ్ రిలేటివ్ ఇంపోర్ట్ విత్ నో నోన్ పేరెంట్ ప్యాకేజ్". చదివి "నాకు పేరెంట్స్ లేరంటోంది" అని ఒకటే నవ్వు. నిజానికి దాదాపు అదే అర్థం. ఊళ్లో కొత్త మొహం కనబడితే "ఎవరి తాలూకు?" అని అడుగుతారు. ప్యాకేజీ లోపలి ఫైలు చుక్కతో మొదలయ్యే ఇంపోర్ట్ రాసిందంటే "మా ఇంట్లోవాళ్లని పిలువు" అన్నట్టు. ఆ ఫైలుని నేరుగా పేరు పెట్టి నడిపితే అది ఏ ఇంటిదో పైథాన్‌కి తెలియదు, ఒంటరిగా వచ్చిన మనిషిలా చూస్తుంది. పై ఫోల్డర్‌లో నిలబడి మైనస్ ఎంతో పూర్తి పేరు పిలిస్తే ఇంటిపేరుతో సహా తెలుస్తుంది.

పిప్‌తో వేసింది కూడా కనబడకపోతే లాప్‌టాప్‌లో రెండు పైథాన్‌లు ఉన్నాయేమో చూడాలి. ఒకదాంట్లో వేసి ఇంకోదాంతో నడుపుతుంటాం. సిస్.ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేస్తే నడుస్తున్నది ఏదో చెబుతుంది. "పైథాన్ మైనస్ ఎం పిప్ ఇన్‌స్టాల్" అని వేస్తే నడిపే పైథాన్‌కే వేస్తుంది కాబట్టి ఈ తికమక ఉండదు.

చిన్నవి కూడా ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే వెనకాల టీఎక్స్‌టీ తోక తగులుకుంటుంది, విండోస్ దాన్ని దాచి చూపిస్తుంది. పేరు మధ్యలో హైఫన్ ఉన్నా, పేరు అంకెతో మొదలైనా మామూలు ఇంపోర్ట్ లైన్‌లో అది పలకదు. ఇక అందరూ చెప్పే వైద్యం ఒకటుంది: "ఫోల్డర్‌లో ఖాళీ ఇనిట్ ఫైలు పెట్టు." 2012లో వచ్చిన 3.3 నుంచి మామూలు ఇంపోర్ట్‌కి అది తప్పనిసరి కాదు. పెట్టడం మంచిదే, కానీ వెతికే లిస్ట్‌లో పై ఫోల్డర్ లేకపోతే లోపల ఎన్ని ఖాళీ ఫైళ్లు పెట్టినా లాభం లేదు. అడ్రస్ తెలియని ఇంటికి రంగులు వేసినట్టే.

ఆ ఒక్క లైన్ వైద్యం గురించి కూడా చెప్పాలి, సిస్.పాత్‌కి ఫోల్డర్ కలపడం. అది పాపమేం కాదు, అవసరానికి నేనూ వాడతాను. కానీ అందులో మన లాప్‌టాప్ అడ్రస్ పూర్తిగా రాసేస్తాం, సి డ్రైవ్, యూజర్స్, మన పేరు అంటూ. ఆ స్క్రిప్ట్ టీమ్‌లో ఇంకొకరి దగ్గరికి వెళ్లగానే మళ్లీ మొదటికొస్తుంది. రేపు అదే లైన్ కాపీ అవుతూ ప్రతి ఫైలు నెత్తినా కూర్చుంటుంది. చిన్న పనికి మైనస్ ఎం చాలు. నలుగురూ వాడే ప్రాజెక్ట్ అయితే పైప్రాజెక్ట్ టామల్ అనే ఫైలు ఒకటి రాసి, "పిప్ ఇన్‌స్టాల్ మైనస్ ఈ చుక్క" అని వేసుకుంటే మన ఫోల్డర్ కూడా పెద్ద లైబ్రరీల్లాగే ఆ పైథాన్‌కి పరిచయమైపోతుంది. ఎక్కడ నిలబడి పిలిచినా పలుకుతుంది.

ఇంత రాశాక ఒక మాట, ముఖ్యంగా నాలాగా జూనియర్లకి సాయం చేసే ఫైనలియర్ వాళ్లకి. ఎవరైనా ఎర్రర్ పట్టుకొస్తే మనం కీబోర్డ్ లాక్కుని రెండు లైన్లు కొట్టి "అయిపోయింది, పో" అంటాం. మనకి టైము లేదు, వాళ్లకీ ఆ క్షణానికి అదే కావాలి. కానీ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. తెర మీద ఇంగ్లీష్‌లో "లేదు" అని పడితే వాళ్లలో చాలామంది దాన్ని తీర్పులా చదువుతారు. మనం వచ్చి మంత్రం వేసినట్టు సరిచేసి వెళ్తే ఆ తీర్పు ఇంకా గట్టిపడుతుంది. చూశావా, వాళ్లకి వచ్చు, నాకు రాదు అని. ఆ లైన్‌ని తెలుగులో చెప్పి చూడండి. "నేను చూసిన చోట్లలో కనబడలేదు" అంటోంది అని చెప్పండి. మనిషి కుర్చీలో కాస్త ముందుకు జరుగుతుంది. "అయితే ఎక్కడ చూసింది?" అని తనే అడుగుతుంది. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

ల్యాబ్ ఎగ్జామ్స్ దగ్గరికొస్తున్నాయి కాబట్టి, నడవని స్క్రిప్ట్ నెత్తిన పెట్టుకోవడానికి నాలుగు ప్రింట్లు రాసి ముగిస్తాను. సిస్.ఎగ్జిక్యూటబుల్: ఏ పైథాన్ నడుస్తోంది. ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీ: ఎక్కడ నిలబడింది. సిస్.పాత్: ఎక్కడెక్కడ వెతికింది. ఏదో ఒకటి దొరికి తేడాగా ప్రవర్తిస్తే ఆ మాడ్యూల్ ఫైల్ అడ్రస్: దొరికింది ఏది. ఈ నాలుగు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటే చాలాసార్లు ఎవరినీ అడక్కుండానే సంగతి బయటపడుతుంది.

అప్పటికీ తేలకపోతే మూడో ఫ్లోర్, చివరి గది. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటా. అబ్బాయిలైతే సాయంత్రం లైబ్రరీ మెట్ల దగ్గర దొరుకుతా. షరతు ఒకటే. "లేదంటోంది అక్కా" అని రావద్దు. "ఇదిగో, ఇక్కడిక్కడ చూసిందట అక్కా" అని ఆ లిస్ట్ పట్టుకుని రండి.